డెంగీతో పడుకుంటే 11 రోజుల జీతం కట్, మధ్యలో ఆదివారంతో సహా

కూకట్‌పల్లి_శీను
నవంబర్ జీతం స్లిప్పు ఇప్పుడే చూశాను. ఎల్‌ఓపీ (జీతం లేని సెలవు) అని ఒక లైను, పక్కన 11 రోజులు, దాని పక్కన 7,150. నా గ్రాస్ 19,500. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పు నాదైతే నాదేనని చెప్పండి.

నవంబర్ 1 శనివారం రాత్రి జ్వరం మొదలైంది. ఆదివారం మామూలు జ్వరమే అనుకుని ఊరుకున్నాను. సోమవారం పొద్దున కళ్ల వెనకాల ఒకటే నొప్పి, నడుం వంగట్లేదు. మేనేజర్‌కి ఫోన్ చేసి చెబితే "జ్వరమే కదా, డోలో వేసుకుని మధ్యాహ్నానికి వచ్చెయ్, ఈరోజు స్టాకు దిగుతుంది" అన్నాడు. వెళ్లలేకపోయాను. మంగళవారం రక్తపరీక్షలో డెంగీ అని తేలింది, ప్లేట్‌లెట్లు 62 వేలు. ఇంటి దగ్గర ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మర్నాడు 41 వేలకి పడిపోయాయి. 9వ తేదీ ఆదివారం డిశ్చార్జ్ చేస్తూ డాక్టర్ వారం రెస్ట్ రాశాడు. రోజూ ఆఫీసు నుంచి ఫోన్లే. ఆ టెన్షన్ తట్టుకోలేక వారం పూర్తి కాకుండానే 14 శుక్రవారం డ్యూటీకి వెళ్లాను. ఆ సాయంత్రం గోడౌన్‌లో బిల్లింగ్ టేబుల్ దగ్గరే కళ్లు తిరిగి కూలబడ్డాను. లోడింగ్ అబ్బాయిలు ముఖం మీద నీళ్లు చల్లి లేపి, బండి మీద ఇంటి దగ్గర దింపారు.

మాది సరుకుల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు, పాతిక మందిమి ఉంటాం. నేను చేరి రెండేళ్లు దాటింది. మా దగ్గర అకౌంట్స్ చూసే ఆయనే హెచ్‌ఆర్ కూడా. ఆయన అనేది ఏమిటంటే, మన కంపెనీలో సిక్ లీవ్ అనేదే లేదు, నెలకో క్యాజువల్ లీవ్ ఉంది, అంతకు మించి ఒక్క రోజు మానినా జీతం పోతుంది, ఆదివారానికి అటూ ఇటూ సెలవు పెడితే ఆదివారం కూడా సెలవే, దాన్ని సాండ్‌విచ్ అంటారట. ఆసుపత్రి బిల్లు కోసం మా అక్క గాజులు తాకట్టు పెట్టాం. ఇప్పుడు జీతం కూడా ఇలా.

నేను అడిగేది ఒక్కటే. సిక్ లీవ్ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమేనా? చట్టంలో ఏమైనా ఉందా?

బెజవాడ_బుల్లెట్
ముందు ఆరోగ్యం జాగ్రత్త అన్నా. డెంగీ తగ్గాక నెల దాకా నీరసం వదలదు, నాకు కిందటేడు అనుభవమే. మా ఓనరు కూడా "జ్వరమే కదా" అనే అన్నాడు. ఈ మాట వీళ్లందరూ ఎక్కడ నేర్చుకుంటారో!

అరుణ_టెస్టింగ్
సాండ్‌విచ్ రూలు మా కంపెనీలోనూ ఉంది, కానీ డాక్టర్ సర్టిఫికెట్ ఉన్న సిక్ లీవ్‌కి వర్తించదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న ఆదివారానికి కూడా జీతం కోయడం దారుణం. కంపెనీ పేరు రాయండి, నలుగురికీ తెలుస్తుంది.

మోడరేటర్
కంపెనీల పేర్లు, మనుషుల పేర్లు వద్దు. ఒక పోస్టులో ఆసుపత్రి పేరు ఉంటే తీసేశాను. విషయం మాట్లాడుకోండి.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
నేను అటువైపు కుర్చీలో కూర్చునేవాడిని కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. శీను విషయంలో కంపెనీ చేసింది తప్పే, అందులో అనుమానం లేదు. కానీ ప్రతి సోమవారం పొద్దున నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చూస్తే మీకూ అర్థమవుతుంది. "సార్ ఫీవర్." అంతే, రెండు మాటలు. ముప్ఫై మంది ఉన్న చోట నలుగురు మానితే ఆ పని ఇంకో నలుగురి నెత్తిన పడుతుంది, వాళ్లు వచ్చి నా మీద అరుస్తారు. నూరు రూపాయలిస్తే సర్టిఫికెట్ రాసిచ్చే క్లినిక్కులు ప్రతి సందులోనూ ఉన్నాయి. దాంతో మేనేజ్‌మెంట్‌కి ఎవరి జ్వరమూ నిజం కాదనే అనుమానం పట్టుకుంది. నిజంగా జబ్బుపడినవాడు దానికి బలవుతున్నాడు.

శీనూ, మీరు ఫోన్‌లో చెప్పి ఊరుకున్నారా, మెసేజ్ ఏమైనా పెట్టారా? డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు జాగ్రత్తగా ఉన్నాయా?

కూకట్‌పల్లి_శీను
మొదటి రోజు ఫోనే. మంగళవారం మాత్రం రిపోర్టు ఫొటో తీసి మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. సమ్మరీ, రిపోర్టులు అన్నీ ఉన్నాయి.

నైట్_షిఫ్ట్_సిస్టర్
హెచ్‌ఆర్ గారూ, నలుగురు అబద్ధం చెబుతారని నలభై మందిని అనుమానించడం వల్ల ఏం జరుగుతుందో నేను వార్డులో చూస్తుంటాను. జ్వరం మింగి మింగి ఆఖర్న వస్తారు. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాత వచ్చే రెండు రోజులే అసలు ప్రమాదం, ప్లేట్‌లెట్లు అప్పుడే పడతాయి. జ్వరం పోయింది కదా అని సరిగ్గా ఆ రోజే ఆఫీసుకు వెళతారు. శీను తమ్ముడూ, నువ్వు కింద పడ్డప్పుడు తలకి ఏమీ తగల్లేదు కదా?

ఫ్లూ, కళ్లకలక లాంటివైతే ఇంకో గొడవ. 2023 ఆగస్టులో కళ్లకలక ఎలా పాకిందో గుర్తుందా? ఒక్కడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆఫీసుకు వస్తే వారంలో ఫ్లోరంతా నల్లకళ్లద్దాలే. ఆ ఒక్కడికి మూడు రోజులు సెలవిచ్చి ఉంటే కంపెనీకి ముప్ఫై రోజులు మిగిలేవి.

యూనియన్_రాజన్న
శీనూ, చట్టం ఉంది. తెలంగాణ షాపులు, సంస్థల చట్టం 1988. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టమే, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే నడుస్తోంది. అందులో సెక్షన్ 30 తీసి చదువు. 240 రోజులు పనిచేసినవాళ్లకు ఏడాదికి 15 రోజుల జీతంతో కూడిన సెలవు. అది కాక జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు. అది కూడా కాక 12 రోజుల క్యాజువల్ లీవ్. మీ ఆయన "నెలకో క్యాజువల్" అని ఇస్తున్నది ఈ 12. మిగతా రెండూ మింగేశాడు. "మా కంపెనీలో సిక్ లీవ్ లేదు" అనే మాట తెలంగాణలో దుకాణం, ఆఫీసు నడిపేవాడు అనడానికి లేదు.

ఇంకో సంగతి. స్లిప్పులో ఈఎస్ఐ అని ఏమైనా కట్ అవుతోందా? చూసి చెప్పు.

కూకట్‌పల్లి_శీను
అవునన్నా, ప్రతి నెలా 147. ఈ నెల మాత్రం 93 ఉంది. ఇన్నాళ్లూ అదేదో పన్ను అనుకున్నాను.

జీడిమెట్ల_ఫిట్టర్
అయ్యో తమ్ముడూ, అది పన్ను కాదు, జబ్బు చేస్తే ఆదుకునే నీ బీమా డబ్బు! జీతంలో నీ వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. 19,500కి లెక్క కడితే నీది 146 రూపాయల పావలా, పైరూపాయికి సర్ది 147. ఈ నెల జీతం కోశారు కాబట్టి 93కి తగ్గింది. కంపెనీ నీ పేరు మీద నెలకి 634 కడుతోంది. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. రెండేళ్లుగా కడుతూ ప్రైవేటు ఆసుపత్రిలో చేరి గాజులు తాకట్టు పెట్టావా! సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి నీకు ఎంత దూరం? కూకట్‌పల్లి నుంచి పావుగంట.

కూకట్‌పల్లి_శీను
నాకు ఎవరూ చెప్పలేదన్నా. కార్డు కూడా ఇవ్వలేదు.

జీడిమెట్ల_ఫిట్టర్
ఐపీ నంబర్ అని పది అంకెల బీమా నంబర్ ఉంటుంది, స్లిప్పులోనే ఎక్కడో ఉంటుంది చూడు. దాంతో ఆన్‌లైన్‌లో ఈ-పెహచాన్ కార్డు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా కలిసి ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకో.

మా తమ్ముడి సంగతి చెబుతాను. 2021లో టీబీ వచ్చింది. ఫౌండ్రీలో పని. అందరూ ఉద్యోగం పోయినట్టే అనుకున్నారు. ఈఎస్ఐలో మామూలు జబ్బుకి ఏడాదిలో 91 రోజుల వరకు రోజువారీ జీతంలో 70 శాతం ఇస్తారు. టీబీ, క్యాన్సర్ లాంటి 34 పెద్ద జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగిస్తారు, దానికి రెండేళ్ల సర్వీసు ఉండాలి. వాడికి ఉంది. పదకొండు నెలలు ఇంట్లో కూర్చుని మందులు వాడాడు, డబ్బు వాడి ఖాతాలోనే పడేది. ఆ పదకొండు నెలలూ మా మరదలు ఒక్కరి దగ్గర కూడా అప్పు చేయలేదు. ఇప్పుడు వాడు అదే ఫౌండ్రీలో పనిచేస్తున్నాడు.

బెజవాడ_బుల్లెట్
అయితే శీను అన్నకి ఇప్పుడు ఈఎస్ఐ డబ్బూ, కంపెనీ జీతం రెండూ వస్తాయా?

యూనియన్_రాజన్న
రావు. ఒక రోజుకు ఏదో ఒక్కటే. జీతం తీసుకున్న సెలవు రోజుకి ఈఎస్ఐ సొమ్ము ఇవ్వరు. ఇప్పుడు లెక్క చూడు.

కంపెనీ సిక్ లీవ్ ఇస్తే 11 రోజులకి పూర్తి జీతం, అంటే 7,150 వెనక్కి రావాలి. 12 రోజుల హక్కులో 11 వాడినట్టు.

ఈఎస్ఐలో అయితే మొదటి రెండు రోజులకి ఇవ్వరు, వాటిని వెయిటింగ్ డేస్ అంటారు. మిగతా 9 రోజులకి ఇస్తారు. ఆదివారం కూడా లెక్కే, ఈఎస్ఐకి సాండ్‌విచ్చులు లేవు. నీ జబ్బు నవంబర్‌లో, అది జూలై నుంచి డిసెంబర్ వరకు ఉండే బెనిఫిట్ పీరియడ్‌లోకి వస్తుంది. దానికి కిందటి అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టిన చందా చూస్తారు, ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి కట్టి ఉండాలి. నువ్వు పూర్తిగా కట్టావు. ఆరు నెలల జీతం 1,17,000, రోజులు 182, రోజుకి 643 దాకా వస్తుంది. అందులో 70 శాతం 450. తొమ్మిది రోజులకి సుమారు 4,050.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
రాజన్న గారి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆచరణలో ఒకటి జరుగుతుంది. చాలా కంపెనీలు "ఈఎస్ఐ ఉన్నవాళ్లు అక్కడ తీసుకోవాలి, మేము సిక్ లీవ్ ఇవ్వం, ఈఎస్ఐ దాటినవాళ్లకే సిక్ లీవ్" అంటాయి. మా దగ్గరా అదే పద్ధతి. పెట్టింది నేను కాదు, నేను చేరేసరికే ఉంది.

యూనియన్_రాజన్న
ఆ పద్ధతి మీ ఫైల్లో ఉంది, సెక్షన్ 30లో లేదు. సరే, దాని మీద లేబర్ ఆఫీసులో వాదించుకుందాం. కానీ ఇక్కడ శీను వాళ్ల కంపెనీ ఏం చేసింది? సిక్ లీవ్ లేదంది. ఈఎస్ఐకి వెళ్లమని చెప్పిందా? అదీ లేదు. రెండు తలుపులూ మూసేసి మధ్యలో నిలబెట్టింది. 147 కోయడం గుర్తుంది కానీ అది ఎందుకు కోస్తున్నారో చెప్పడం గుర్తులేదు.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
అది ఒప్పుకుంటాను. చేరిన రోజే ఐపీ నంబర్ చేతిలో పెట్టి, డిస్పెన్సరీ ఎక్కడుందో చెప్పాలి. అది హెచ్‌ఆర్ పనే.

లాలాగూడ_లోకో
మా రైల్వేలో సిక్ మెమో రాయించుకుని రైల్వే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడి డాక్టర్ ఫిట్ ఇచ్చేదాకా బండి ఎక్కనివ్వరు. నేను ఎక్కుతానన్నా ఎక్కనివ్వరు. వెనకాల వెయ్యి మంది కూర్చుని ఉంటారు మరి. ఏడాదికి 20 రోజుల హాఫ్ పే లీవ్ జమ అవుతుంది, సర్టిఫికెట్ మీద దాన్ని పూర్తి జీతానికి మార్చుకోవచ్చు. శీను కూలబడింది బిల్లింగ్ టేబుల్ దగ్గర కాబట్టి సరిపోయింది. లారీ డ్రైవరో, క్రేన్ నడిపేవాడో అయితే?

గుంటూరు_మాస్టారు
ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ బడిలో చేసి రిటైరయ్యాను. మాకూ అంతే, సంవత్సరానికి 20 రోజుల అర్ధవేతన సెలవు. మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవ్ పెడితే పూర్తి జీతం వస్తుంది, పది రోజులు వాడితే ఖాతాలో ఇరవై తగ్గుతాయి. సర్వీసు మొత్తంలో 240 రోజులు దాటకూడదు. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి.

1994లో నాకు పచ్చకామెర్లు వచ్చి నలభై రోజులు మంచం పట్టాను. మా హెడ్మాస్టరు గారు ఆదివారం సైకిలు మీద పదకొండు కిలోమీటర్లు తొక్కుకుంటూ మా ఊరు వచ్చారు. నా దగ్గర సంతకాలు తీసుకుని సెలవు కాగితాలు ఆయనే ఎంఈఓ ఆఫీసులో ఇచ్చారు. వెళుతూ వెళుతూ నీళ్ల మజ్జిగ తాగి, పిల్లల పరీక్ష పేపర్లు నేను దిద్దుతాలే అన్నారు. ఆ తర్వాత ఆ బడిలో నేను పదహారేళ్లు చేశాను, వేరే ఊరు బదిలీ అవకాశం వచ్చినా వెళ్లలేదు. శీను బాబూ, మీ మేనేజర్ ఆ మెసేజ్ చూసి ఒక్క మాట రాసి ఉంటే నీకు ఇంత బాధ ఉండేది కాదు కదా.

కూకట్‌పల్లి_శీను
నిజం మాస్టారూ. డబ్బు కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

జగిత్యాల_టు_దుబాయ్
ఇక్కడ యూఏఈలో కూడా రూలు ఉంది. ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజుల సిక్ లీవ్. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతా 45 రోజులు జీతం లేని సెలవు. మూడు పనిదినాల్లోపు కంపెనీకి చెప్పి రిపోర్టు ఇవ్వాలి. 2021 నాటి లేబర్ చట్టంలోని మాట. కాగితం మీద బాగానే ఉంది. మా క్యాంపులో మాత్రం మనవాళ్లు సిక్ చెప్పడానికి భయపడతారు, ఓవర్‌టైమ్ పోతుందని. బేసిక్ తక్కువ, ఓవర్‌టైమ్ మీదే ఇంటికి పంపేది. పక్క మంచం అన్న వేసవిలో వడదెబ్బకి మూడు రోజులు వాంతులు చేసుకుంటూ పనికి వెళ్లాడు. నాలుగో రోజు నేనూ ఇంకో ఇద్దరం కలిసి ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాం, అప్పుడు ఆసుపత్రికి పంపారు.

ఫ్రాంక్‌ఫర్ట్_నుంచి
జర్మనీలో నాకు మొదట్లో నమ్మకం కలగలేదు. చేరి నాలుగు వారాలు దాటితే చాలు, ఒక జబ్బుకి ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది. ఆ తర్వాత ఆరోగ్య బీమా వాళ్లు గ్రాస్‌లో 70 శాతం ఇస్తారు. డాక్టర్ సర్టిఫికెట్ 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే కంపెనీకి చేరుతుంది, అందులో ఎన్ని రోజులో ఉంటుంది కానీ జబ్బు పేరు ఉండదు. బాస్‌కి అడిగే హక్కు లేదు. హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు మొలల ఆపరేషన్‌కి సెలవు అడిగితే మీటింగ్ రూమ్‌లో ఆరుగురి ముందు "ఏం ఆపరేషన్" అని అడిగారు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

డల్లాస్_రావు
అమెరికా గొప్పగా ఉంటుందని అనుకోకండి. ఫెడరల్ స్థాయిలో జీతంతో కూడిన సిక్ లీవ్ చట్టమే లేదు. 50 మంది, ఆపైన ఉన్న కంపెనీలో ఏడాది చేసినవాళ్లకు 12 వారాల సెలవు, అది కూడా జీతం లేకుండా, ఉద్యోగం మాత్రం ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేసుకున్నాయి, మా టెక్సాస్ చేయలేదు.

స్కూటీ_సందీప్
నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. మాకు ఏ లీవూ లేదు అన్నా. ఒక్కరోజు లాగిన్ అవకపోతే ఆ వారం ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. పోయిన ఆగస్టులో 102 జ్వరంతో వానలో తిరిగాను. ఎల్బీనగర్‌లో ఒక అమ్మ నా ముఖం చూసి పార్సిల్ తీసుకోకుండా ముందు లోపలికి పిలిచి కూర్చోబెట్టింది, వేడి పాలు ఇచ్చింది. మీరు 12 రోజులు, 91 రోజులు అని రాస్తుంటే చదువుతున్నాను. మా లాంటివాళ్లకి ఏమైనా ఉందా?

యూనియన్_రాజన్న
సందీప్, ఉన్నమాట చెబుతాను. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ (నీలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లు) అనే మాట చట్టంలో మొదటిసారి చేరింది. మీ కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం ఒక నిధికి కట్టాలి, అందులోంచి ఆరోగ్యం, ప్రమాద బీమా లాంటి పథకాలు పెట్టాలి. కానీ జ్వరం వచ్చిన రోజుకి జీతం అనేది అందులో లేదు. మేం కొట్లాడాల్సింది అక్కడే ఉంది. కేంద్రం పెట్టిన కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదు చేయించుకున్నావా? లేకపోతే ముందు ఆ పని చెయ్.

ఈఎస్ఐ చట్టం కూడా ఆ కోడ్‌లోనే కలిసింది. శీను సెలవు నవంబర్ 3న మొదలైంది కాబట్టి అతనికి పాత చట్టమే.

అరుణ_టెస్టింగ్
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కిందటేడు నాకు మూడో నెలలో అబార్షన్ అయింది. నాలుగు రోజులు సిక్ లీవ్ పెట్టాను, ఖాతాలో అంతకు మించి లేదు. అయిదో రోజు నుంచి ఇంట్లోనే లాప్‌టాప్ ముందు. కడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కాల్స్‌లో కూర్చునేదాన్ని, కెమెరా ఆన్ చేయమంటే బ్యాండ్‌విడ్త్ లేదని అబద్ధం చెప్పేదాన్ని. ఆరు నెలల తర్వాత వేరే టీమ్ అక్క చెప్పింది, గర్భస్రావం అయితే ఆరు వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉందని. ఎవరూ చెప్పలేదు. నేను హెచ్‌ఆర్‌కి విషయం రాసి మరీ సిక్ లీవ్ పెట్టాను, వాళ్లు "అప్రూవ్డ్" అని ఒక్క మాట రాశారు.

నైట్_షిఫ్ట్_సిస్టర్
అరుణా, చదువుతుంటే ఒళ్లంతా ఎలాగో అయిపోయిందమ్మా. శరీరానికి అది కాన్పుతో సమానం. ఇప్పుడు ఎలా ఉన్నారు?

యూనియన్_రాజన్న
అరుణ గారు చెప్పింది అప్పటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961, సెక్షన్ 9. 2025 నవంబర్ 21 నుంచి అది కూడా సామాజిక భద్రత కోడ్‌లోనే కలిసింది, సెలవు మాత్రం అలాగే ఉంది. గర్భస్రావం అయిన మర్నాటి నుంచి ఆరు వారాలు. దానివల్ల జబ్బుపడితే ఇంకో నెల. ఈఎస్ఐలో ఉన్న ఆడవాళ్లకి ఆ ఆరు వారాలూ ఈఎస్ఐ ఇస్తుంది. దీన్ని ఎవరైనా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
అరుణ గారూ, ఈ పోస్టు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పన్నెండేళ్లలో ఈ సెలవు మా దగ్గర ఒక్కరు కూడా తీసుకోలేదు. ఒక్కరికీ అవసరం రాలేదనుకోవడానికి లేదు. ఎవరూ అడగలేదు, మేము చెప్పలేదు. ఈ సోమవారం మా లీవ్ పాలసీలో ఈ రెండు సెలవులూ తెలుగులో, ఇంగ్లీషులో రాసి నోటీస్ బోర్డు మీద పెడుతున్నాను. ఎవరి అనుమతీ అక్కర్లేదు, చట్టంలో ఉన్నదే కదా.

అరుణ_టెస్టింగ్
ఇప్పుడు బాగానే ఉన్నాను సిస్టర్. హెచ్‌ఆర్ గారూ, పెట్టాక ఇక్కడ ఒక మాట రాయండి.

అమీర్‌పేట_కోడర్
మధ్యలో ఒక డౌటు. ఐటీ కంపెనీలకి షాపుల చట్టం నుంచి మినహాయింపు ఉంది కదా? అయితే 12 రోజుల రూలు మాకు లేనట్టేనా?

యూనియన్_రాజన్న
మినహాయింపు ఇచ్చింది పని వేళలు లాంటి కొన్ని సెక్షన్లకే. సెక్షన్ 30 అందులో లేదు.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
సర్టిఫికెట్ల గురించి అందరికీ ఉపయోగపడే మాట. ఎన్నో సర్టిఫికెట్లు తిరస్కరించాల్సి వచ్చింది, అందులో సగం నిజమైన జబ్బులవే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రాయించుకుని వస్తారు. ఆయన మంచివాడే కావచ్చు, ఊరందరికీ అర్ధరాత్రి సూది వేసేది ఆయనే కావచ్చు, కానీ ఆయన సర్టిఫికెట్ చెల్లదు. ఎంబీబీఎస్ డాక్టర్ అయి ఉండాలి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ కాగితం మీద కనపడాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి అన్నది స్పష్టంగా ఉండాలి. "కొన్ని రోజులు రెస్ట్" అని రాస్తే ఎన్ని రోజులని లెక్కపెట్టేది? డ్యూటీలో చేరే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. మొదటి రోజే మెసేజ్. ఫోన్ చేసినా సరే, తర్వాత ఒక మెసేజ్ పెట్టండి.

బెజవాడ_బుల్లెట్
మా ఊరి ఆర్‌ఎంపీ సంతకం చూస్తే ఆయనకే అర్థం కాదు, ఇక హెచ్‌ఆర్‌కి ఏం అర్థమవుతుంది లెండి. కానీ పల్లెలో ఉన్నప్పుడు జ్వరం వస్తే ఎంబీబీఎస్ ఎక్కడ దొరుకుతాడు సార్?

నైట్_షిఫ్ట్_సిస్టర్
మండలంలో పీహెచ్‌సీ ఉంటుంది కదా. అక్కడ ఉండేది ఎంబీబీఎస్ డాక్టరే. ఓపీ చీటీ మీద తేదీ, ముద్ర ఉంటాయి, సర్టిఫికెట్‌కి తోడు అది కూడా దాచుకోండి.

జీడిమెట్ల_ఫిట్టర్
శీనూ, ఏం చేశావ్? రెండు వారాలైంది.

కూకట్‌పల్లి_శీను
అందరికీ ఒకేసారి చెబుతాను, కాస్త పెద్దదే.

రాజన్న గారు చెప్పినట్టు ముందు కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. సెక్షన్ 30 పేరు, తేదీలు, 11 రోజులు, డిశ్చార్జ్ సమ్మరీ జతచేసి మెయిల్ పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళితే అక్కడి డాక్టర్ గారు మర్యాదగానే మాట్లాడారు, అయిపోయిన జబ్బుకి పాత తేదీతో సర్టిఫికెట్ నేను రాయను, బ్రాంచ్ ఆఫీసుకి వెళ్లమన్నారు. బ్రాంచ్ ఆఫీసులో సమ్మరీ, డెంగీ తేల్చిన ఎన్ఎస్1 రిపోర్టు, ప్లేట్‌లెట్ల రిపోర్టులు అయిదు, బిల్లులు అన్నీ చూశారు. ప్రైవేటు ఆసుపత్రి కాగితాలనైనా వేరే ఆధారంగా తీసుకునే వీలుందని, తమ మెడికల్ రిఫరీకి పంపుతామని చెప్పి తీసుకున్నారు. కౌంటర్‌లో మేడం నా ఆధార్‌లో పుట్టిన తేదీ, కంపెనీ ఎక్కించిన పుట్టిన తేదీ వేరుగా ఉన్నాయని పట్టుకుంది. అది సరిచేయించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. కొత్తగా చేరినవాళ్లు ముందే ఇది చూసుకోండి.

ఇక కంపెనీ సంగతి. నిన్న పిలిచారు. మొదటి రెండు రోజులకి సిక్ లీవ్ కింద జీతం ఇస్తారట, మిగతా తొమ్మిది రోజులు ఈఎస్ఐలో తీసుకోమన్నారు. ఆ తొమ్మిదికి మా జీతానికీ ఈఎస్ఐకీ ఉన్న తేడా మాత్రం ఇచ్చేది లేదన్నారు. వచ్చే నెల నుంచి సిక్ లీవ్ అందరికీ ఉంటుందని మాటతో చెప్పారు, రాసివ్వలేదు. సాండ్‌విచ్ గురించి అడిగితే "చూద్దాం" అన్నారు.

యూనియన్_రాజన్న
తేడా అంటే 5,850 లోంచి 4,050 తీస్తే 1,800. దాని కోసం అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి అర్జీ పెట్టొచ్చు, డబ్బు ఖర్చు లేదు. ఉద్యోగం మీదకి తెస్తారని భయపడకు, ఈఎస్ఐ జబ్బు సెలవులో ఉన్నప్పుడు తీసేయడానికి వీల్లేదని చట్టంలో ఉంది కానీ ఆ సెలవు అయ్యాక వేధిస్తే నాకు చెప్పు. మాట కాదు, రాసిచ్చిన కాగితం కావాలని అడుగు.

హెచ్‌ఆర్‌లో_పన్నెండేళ్లు
అరుణ గారూ, నోటీస్ పెట్టాను. సాయంత్రంలోపు ముగ్గురు వచ్చి వివరాలు అడిగారు.

కూకట్‌పల్లి_శీను
రాజన్న గారూ, 1,800 సంగతి తర్వాత చూద్దాం. ఇంకోటి అడగాలి. ఆ రోజు నన్ను లేపి ఇంటికి చేర్చిన లోడింగ్ అబ్బాయిలు ఆరుగురు. నిన్న టీ దగ్గర వాళ్ల స్లిప్పులు చూపించమన్నాను. ఇద్దరికే స్లిప్పులున్నాయి. మిగతా నలుగురికి స్లిప్పు లేదు, ఐపీ నంబర్ లేదు, నెలాఖరున కవర్‌లో డబ్బు ఇస్తారు. మేస్త్రీ కింద పనివాళ్లట. ఒకడికి మూడు నెలలుగా దగ్గు. పాతిక మంది ఉన్న చోట వాళ్లకి కూడా ఈఎస్ఐ కట్టాలా?

యూనియన్_రాజన్న
కట్టాలి. పది మంది ఉంటే చాలు, మేస్త్రీ కింద ఉన్నా, కాంట్రాక్టర్ కింద ఉన్నా బాధ్యత అసలు యజమానిదే. వాళ్లు ఎప్పటి నుంచి పనిచేస్తున్నారో రుజువు ఏదైనా ఉందా? హాజరు పుస్తకం, గేటు దగ్గర రిజిస్టరు?

కూకట్‌పల్లి_శీను
లోడింగ్ చలాన్ల మీద వాళ్ల సంతకాలు ఉంటాయి, తేదీతో సహా. బిల్లింగ్ నాదే కాబట్టి నా దగ్గరికే వస్తాయి.

నైట్_షిఫ్ట్_సిస్టర్
ఆ దగ్గున్న అబ్బాయిని రేపే దగ్గర్లో ఉన్న బస్తీ దవాఖానాకి పంపు తమ్ముడూ. కళ్లె పరీక్ష ఉచితం, టీబీ అయినా మందులు ఉచితమే. సెలవు దొరికేదాకా ఆగొద్దు.

యూనియన్_రాజన్న
చలాన్లు చాలు. ఆదివారం ఖాళీయేనా? ఆ నలుగురినీ తీసుకుని రా, బాలానగర్‌లో కూర్చుని అర్జీ రాద్దాం.

కూకట్‌పల్లి_శీను
ఖాళీయే అన్నా. పదింటికి వస్తాం. దగ్గున్నవాణ్ని మాత్రం రేపు పొద్దున నేనే బండి మీద తీసుకెళతాను సిస్టర్.